మాంసం కొక్కేల కింద హ్యాండ్‌బ్యాగులు: న్యూయార్క్ మీట్‌ప్యాకింగ్ డిస్ట్రిక్ట్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఓ నాలుగైదు వీధులున్నాయి, అంతే.

క్రితంసారి న్యూజెర్సీలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, బావ మమ్మల్ని పాత్ ట్రైన్ ఎక్కించి మాన్‌హాటన్ తీసుకెళ్ళాడు. 14వ స్ట్రీట్‌లో దిగి పడమటికి, హడ్సన్ నది వైపు నడిచాం. కాసేపటికి రోడ్డు మారిపోయింది. తారు పోయి ఎగుడుదిగుడు రాళ్ళు వచ్చాయి. అన్నీ పొట్టి ఇటుక భవనాలు, కింద మాత్రం హెర్మెస్ లాంటి షోరూములు. లోపలికెళ్ళే ధైర్యం చెయ్యలేదు లెండి. షాపుల ముందు పాత రేకుల పందిళ్ళు, వాటి కింద ఇనుప పట్టాలు, ఒకచోట ఓ కొక్కెం కూడా ఉంది. "ఇంత ఖరీదైన షాపుల ముందు ఈ పాత రేకులేంట్రా? పీకేయొచ్చుగా?" అంది అక్క.

వాళ్ళిష్టం వచ్చినట్టు పీకడానికి లేదు. చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం కోసం కొట్లాడినాయన అక్కడే చిన్న హోటల్ నడిపేవాడు. ఇప్పుడు ఆ హోటల్ లేదు. ఇవాళ్టి కథ అదే.

ముందు ఆ కొక్కెం సంగతి. 1884లో ఇక్కడ గాన్స్‌వోర్ట్ మార్కెట్ పేరుతో రైతుల కూరగాయల సంత పెట్టారు. పక్కనే నది, ఓడరేవులు. అందుకని కొన్నేళ్ళలో మాంసం, కోళ్ళు, పాల వ్యాపారం కూడా వచ్చి చేరింది. 1900 నాటికి ఈ చుట్టుపక్కల కబేళాలు, మాంసం కొట్లు కలిపి దాదాపు 250 ఉండేవి. లారీలోంచి దింపిన గొడ్డు మాంసాన్ని కొక్కేనికి తగిలిస్తే, పందిరి కింద పట్టాల మీద జారుకుంటూ లోపలి కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళిపోయేది. ఎండా వానా తగలకుండా పైన రేకు. డిజైన్ అంటే అంతే, పని జరగాలి.

గాన్స్‌వోర్ట్ అనే పేరు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఓ సైన్యాధికారిది. ఆయన మనవడు, కూతురి కొడుకు, హెర్మన్ మెల్విల్. అవును, 'మోబీ డిక్' రాసినాయనే. పుస్తకాలు అమ్ముడుపోక, 1866 నుంచి 19 ఏళ్ళు కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌గా బతికాడు. రోజుకు 4 డాలర్ల జీతం. డ్యూటీ ఎక్కడ? తాత పేరున్న ఈ వీధి చివరి రేవులో. కథకు దీంతో సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, రైలు దగ్గరికొద్దాం. అప్పట్లో గూడ్స్ రైళ్ళు ఊరి నడిబొడ్డున, రోడ్డు మీదే నడిచేవి. వాటికింద పడి వందలమంది చచ్చిపోయారు. పదో అవెన్యూకి 'డెత్ అవెన్యూ' అని పేరు పడిపోయింది. రైలు ముందు గుర్రమెక్కి ఎర్రజెండా ఊపుతూ వెళ్ళే మనుషుల్ని పెట్టారు. న్యూయార్క్ నడిమధ్యలో కౌబాయ్‌లు! చివరికి 1934లో రైలును రోడ్డు మీంచి పైకెత్తి వంతెన మీద నడిపించారు. ఆ వంతెన నేరుగా గోదాముల మూడో అంతస్తు దాకా సరుకు తెచ్చేది. దాని పేరు హై లైన్. ఇన్‌స్టాలో చూసే ఉంటారు.

తర్వాత లారీలకి ఫ్రిజ్‌లొచ్చాయి, హైవేలొచ్చాయి, సూపర్‌మార్కెట్లొచ్చాయి. మాంసం దూరంగానే కోసి, ప్యాక్ చేసి, డైరెక్ట్‌గా పంపడం మొదలైంది. ఈ వీధుల అవసరం తగ్గిపోయింది. 1980లో హై లైన్ మీద ఆఖరి రైలు నడిచింది. అందులో సరుకేంటో తెలుసా? మూడు వ్యాగన్ల గడ్డకట్టిన టర్కీ కోళ్ళు.

కొట్లు మూతబడితే అద్దెలు పడిపోతాయి కదా. పోలీసులూ అంతగా పట్టించుకోరు. 70లలో ఇంకెక్కడా చోటు దొరకనివాళ్ళు ఇక్కడికొచ్చారు. గే క్లబ్బులు వచ్చాయి. బతకడానికి వేరే దారి లేక ఒళ్ళమ్ముకునే ట్రాన్స్ మహిళలు రాత్రిపూట ఈ మూలల్లో నిలబడేవారు. అర్ధరాత్రి క్లబ్బుల్లోంచి జనం బయటికొచ్చే టైమూ, తెల్లకోట్లేసుకుని మాంసం కోసేవాళ్ళు డ్యూటీ ఎక్కే టైమూ ఒకటే. ఎయిడ్స్ వచ్చాక 1985లో మైన్‌షాఫ్ట్ అనే పేరుమోసిన క్లబ్బుని నగరం మూయించేసింది.

అదే 1985లో ఫ్లోరెంట్ మోరెలే అనే ఫ్రెంచాయన గాన్స్‌వోర్ట్ స్ట్రీట్ 69లో హోటల్ తెరిచాడు. అంతకుముందు అక్కడ కూలీలు టిఫిన్ చేసే పాత డైనర్ ఉండేది. దాని బోర్డు కూడా మార్చలేదు, అలాగే ఉంచాడు. ఫ్రాన్స్ విప్లవ దినం వస్తే తనే మేరీ ఆంటోనెట్‌లా వేషం కట్టేవాడు. 24 గంటలూ తెరిచే ఉండేది. మాంసం కొట్టేవాళ్ళు, డ్రాగ్ వేషగాళ్ళు, సినిమావాళ్ళు, అందరూ ఒకే కౌంటర్ దగ్గర తినేవాళ్ళు. 1987లో ఆయనకి హెచ్‌ఐవీ అని తేలింది. దాచుకోలేదు. మెనూ రాసే బోర్డు మీదే, సూపు కింద, తన టీ-సెల్ కౌంట్ రాసేవాడు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరెత్తడానికే జనం భయపడేవారు. నాకైతే ఈ మొత్తం కథలో అందరికంటే ధైర్యవంతుడు ఆయనే.

ఆ తర్వాతి మలుపు 1999లో. అట్లాంటాలో షాపున్న జెఫ్రీ కలిన్‌స్కీ, పడమటి 14వ స్ట్రీట్ చివర ఖరీదైన బట్టలు, చెప్పుల షోరూము తెరిచాడు. దారంతా మాంసం వాసన, నేల మీద కొవ్వు. అయినా డబ్బున్నవాళ్ళు కార్లేసుకుని వచ్చారు. కొంత చవక అద్దె వల్ల, పెద్ద పెద్ద హాళ్ళ వల్ల. కానీ అసలు కిక్కు ఆ పక్కనున్న కబేళా వాసనలోనే ఉందని నాకనిపిస్తుంది. మిగతా షాపింగ్ వీధులన్నీ ఒకేలా ఉన్నప్పుడు ఇది 'ఒరిజినల్'. 2000లో 'సెక్స్ అండ్ ద సిటీ' సీరియల్లో సమంత ఇల్లు మారింది ఇక్కడికే. 2002కల్లా స్టెల్లా మెకార్ట్‌నీ, అలెగ్జాండర్ మెక్వీన్ షాపులు. 2004లో స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటల్. 2007లో ఆపిల్ స్టోర్.

ఈ లోపు ఇక్కడ ఓ ఎత్తైన టవర్ కడతామని ప్లాన్ బయటికొచ్చింది. ఫ్లోరెంట్ వీధిలోకి దిగాడు. ఇరుగుపొరుగుని కూడగట్టి 'సేవ్ గాన్స్‌వోర్ట్ మార్కెట్' అని ఉద్యమం నడిపాడు. గెలిచారు కూడా. 2003 సెప్టెంబర్‌లో నగరం దీన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. సుమారు వంద భవనాలకి రక్షణ. అక్క అడిగిన ఆ రేకుల పందిళ్ళు అలా బతికాయి.

కానీ ఆ చట్టంలో ఏముందో చూడండి. భవనం బయట ఎలా ఉందో అది కాపాడుతుంది. లోపల ఎవరు ఏ వ్యాపారం చేస్తున్నారు, అద్దె ఎంత, ఇవి దాని పరిధిలోకే రావు. జోనింగ్ సంగతి ఇంకా విచిత్రం. ఇది ఫ్యాక్టరీల జోన్ కాబట్టి కొత్తగా ఇళ్ళు కట్టకూడదు. మాంసం వ్యాపారులకి అదే కావాలి, ఎందుకంటే అపార్ట్‌మెంట్లొస్తే రాత్రి లారీల చప్పుడు, వాసన అని కంప్లైంట్లొస్తాయి. అయితే అదే జోన్‌లో షాపులు, బార్లు, హోటళ్ళు పెట్టుకోవచ్చు! ఇళ్ళు రాకుండా తలుపేస్తే, పక్క కిటికీలోంచి హ్యాండ్‌బ్యాగులు దూరాయి. వీధి మాత్రం ఫోటోలో అందంగా, పాతగా, ఎప్పటికీ మారకుండా ఉంటుందని చట్టమే గ్యారంటీ ఇచ్చింది. ఇంటి ఓనర్‌కి ఇంకేం కావాలి?

2008 జూన్‌లో ఫ్లోరెంట్ హోటల్ మూతబడింది. లీజు అయిపోయింది, కొత్త అద్దె ఆయన కట్టగలిగేది కాదు. 23 ఏళ్ళ హోటల్. ఏడాది తిరక్కుండా, 2009 జూన్ 9న, తుప్పుపట్టి గడ్డి మొలిచిన హై లైన్‌ని పార్కుగా తెరిచారు. మొదలయ్యేది ఎక్కడనుకున్నారు? గాన్స్‌వోర్ట్ స్ట్రీట్‌లోనే, ఆయన హోటల్‌కి రెండడుగుల దూరంలో.

ఆ పార్కు కూడా ఇద్దరు మామూలు మనుషుల పట్టుదల. జాషువా డేవిడ్, రాబర్ట్ హామండ్ 1999లో ఓ లోకల్ మీటింగ్‌లో పక్కపక్కన కూర్చున్నారు, వంతెన కూల్చకూడదనుకున్నారు. తర్వాత ఏళ్ళకి హామండే ఒప్పుకున్నాడు, చుట్టుపక్కల పేదవాళ్ళ కోసం అనుకున్నది చెయ్యలేకపోయామని. అంత పేరొచ్చాక అలా ఒప్పుకునేవాళ్ళు తక్కువ, అందుకే చెప్తున్నా. 2015లో విట్నీ మ్యూజియం వచ్చింది. ఉత్తరాన ఓరియో బిస్కెట్ పుట్టిన పాత ఫ్యాక్టరీని 2018లో గూగుల్ 2.4 బిలియన్ డాలర్లకి కొనుక్కుంది.

ఇంకోటి. దారి చూపించిన జెఫ్రీ షాపు కూడా 2020లో మూతబడింది. అంటే షాపులు కూడా అద్దెకున్నవాళ్ళే.

మరి మాంసం? 2024 నాటికి పూర్తిగా పోలేదు. విట్నీ పక్కన, లిటిల్ వెస్ట్ 12వ స్ట్రీట్ దగ్గర నగరం సొంత స్థలంలో కొద్దిమంది వ్యాపారులు మిగిలారు. వాళ్ళ లీజు 2032 దాకా ఉండేది. 2024 అక్టోబర్‌లో మాత్రం నగరం ఓ ప్రకటన చేసింది: ముందే ఖాళీ చెయ్యడానికి వ్యాపారులు ఒప్పుకున్నారు, అక్కడ గాన్స్‌వోర్ట్ స్క్వేర్ పేరుతో 600 దాకా ఫ్లాట్లు కట్టాలన్నది ప్లాన్. సగం మామూలు జీతగాళ్ళకి అందుబాటు అద్దెకి ఇస్తామన్నారు. నాకు దీని మీద కోపం లేదు, ఆ ఊళ్ళో ఇళ్ళు కావాలి. మీరు అటు వెళ్తే ముందు ఆ వీధి చూడండి, షాపులు తర్వాత. పగలు పదింటికి కాదు, తెల్లవారుజామున వెళ్ళండి.