ఆక్టినిక్ కెరటోసిస్: చికిత్సల చరిత్ర

ఏళ్ల తరబడి ఎండ సోకిన చర్మం మీద, ముఖ్యంగా బట్టతల, నుదురు, చెవులు, ముంజేతుల మీద లేచే గరుకు పొలుసుల మచ్చలివి. తెల్లవారిలో, అందులోనూ ఆస్ట్రేలియాలో సర్వసాధారణం. మెలనిన్ దండిగా ఉన్న చర్మంలో అరుదు. ఆల్బినిజం ఉన్నవారికి మాత్రం ముప్పు ఎక్కువ. కొన్ని మచ్చలే స్క్వేమస్ కణ క్యాన్సర్‌గా మారతాయి. ఏది మారుతుందో ముందుగా తెలియదు గనుక సాధారణంగా అన్నిటికీ చికిత్స చేస్తారు.

19వ శతాబ్దం చివర ఉన్నా అనే జర్మన్ వైద్యుడు నావికుల చర్మంలో ఈ మార్పులను వర్ణించాడు. చాలాకాలం గీకడం, కాల్చడమే వైద్యం. 1899లో న్యూయార్క్ వైద్యుడు క్యాంప్‌బెల్ వైట్ చర్మవ్యాధులకు ద్రవీకరించిన గాలిని వాడాడు. 1950లో ఆలింగ్టన్ అనే వైద్యుడు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిని దూదితో అద్దాడు. ఇందులో చేయి తిరిగినతనానిదే పెద్దపాత్ర: 2004 నాటి ఆస్ట్రేలియా అధ్యయనంలో 5 సెకన్ల లోపు గడ్డకట్టిస్తే 39 శాతం, 20 సెకన్లు దాటితే 83 శాతం మచ్చలు పోయాయి.

1957లో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం వెలువరించిన ఫ్లోరోయురాసిల్ క్యాన్సర్ మందు. అది ఎక్కించిన రోగుల ముఖం మీది పాత మచ్చలు ఎర్రబడి రాలిపోవడం వైద్యులు గమనించారు. దాంతో 1960లలో పూతమందు వచ్చింది. కంటికి కనబడని మచ్చలనూ బయటికి లాగడం దీని గొప్ప సుగుణం. వారాల తరబడి ముఖం ఎర్రగా పుండుపడినట్టుండటం దాని మూల్యం.

తరువాత అమినోలెవ్యులినిక్ ఆమ్లంతో కాంతిచికిత్స, డైక్లోఫెనాక్ జెల్, ఇమిక్విమాడ్, 2012లో ఒక కలుపుమొక్క పాల నుంచి తీసిన ఇంజెనాల్ మెబ్యుటేట్ అనుమతి పొందాయి. వీటిలో కొన్నిటిని ఫ్లోరోయురాసిల్‌తో ఎదురెదురుగా పోల్చిన ప్రశంసనీయమైన పరీక్ష 2019లో నెదర్లాండ్స్ నుంచి వెలువడింది. తలమీద అయిదు లేదా అంతకుమించి మచ్చలున్న 624 మందిని నాలుగు వర్గాలు చేశారు. మచ్చల్లో కనీసం నాలుగింట మూడొంతులు తగ్గి ఏడాది తరువాతా అలాగే ఉన్నవారు: ఫ్లోరోయురాసిల్‌తో 74.7, ఇమిక్విమాడ్‌తో 53.9, మిథైల్ అమినోలెవ్యులినేట్ వాడిన కాంతిచికిత్సతో 37.7, ఇంజెనాల్‌తో 28.9 శాతం. అన్నిటికన్నా పాతదే గెలిచింది. అంతకు ముందే, 2018లో, 932 మంది అమెరికా మాజీ సైనికులపై జరిగిన పరీక్షలో అదే క్రీము ముఖం, చెవులకు రాయగా, శస్త్రచికిత్స అవసరమయ్యే స్క్వేమస్ క్యాన్సర్ మొదటి ఏడాదిలో 75 శాతం తగ్గింది.

ఇంజెనాల్ రాసినచోట చర్మక్యాన్సర్ పెరుగుతోందన్న ఆందోళనతో 2020లో ఐరోపా దాని అమ్మకాన్ని నిలిపింది. అదే ఏడాది అమెరికా అనుమతించిన టిర్బానిబ్యులిన్‌ను రోజుకొకసారి అయిదు రోజులు రాస్తే చాలు. అయితే అనుమతికి ఆధారమైన పరీక్షల్లో దాన్ని పోల్చింది మందులేని ఉత్త లేపనంతో, ఫ్లోరోయురాసిల్‌తో కాదు.