పశువైద్యంలో భయనివారణ

పశువైద్యంలో భయనివారణ అనగా కుక్క, పిల్లి మొదలైన పెంపుడు జంతువులకు వైద్యశాలలో కలిగే భయాన్ని, మానసిక ఒత్తిడిని తగ్గించే పద్ధతులు. జంతువును బలవంతంగా అదిమిపట్టక, దాని ప్రవర్తనను గ్రహించి చికిత్స చేయడం వీటి ముఖ్యోద్దేశం.

భయ లక్షణాలు
* కుక్క: తోక ముడుచుకొనడం, పదేపదే మూతి నాకుకొనడం, ఆవులించడం, ఎండ లేకున్నా రొప్పడం.
* పిల్లి: చెవులు వెనుకకు వాల్చడం, కనుపాపలు పెద్దవి కావడం, కదలక ముడుచుకొని ఉండడం. కదలని పిల్లి శాంతంగా ఉన్నదని భావించడం పొరపాటు.

ప్రాముఖ్యత
భయం వలన అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. పిల్లులలో రక్తంలోని చక్కెర కూడా పెరుగుతుంది. అందుచేత మధుమేహం లేని పిల్లికి ఆ వ్యాధి ఉన్నట్లు పొరబడే అవకాశం ఉంది. భయపడిన జంతువు కరవవచ్చు. అది పెట్టే ఇబ్బందికి విసిగి యజమాని టీకాలు వేయించడం మానివేస్తే, రేబీస్ వంటి ప్రాణాంతక వ్యాధి నుండి ఆ జంతువుకే కాక ఇంటివారికి కూడా రక్షణ లోపిస్తుంది.

చరిత్ర
అమెరికా పశువైద్యురాలు సోఫియా యిన్ (1966-2014) కుక్కలను, పిల్లులను ఒత్తిడి లేకుండా పట్టుకొనే విధానాలపై 2009లో సచిత్ర గ్రంథం వెలువరించింది. 2016లో మార్టీ బెకర్ అనే పశువైద్యుడు 'ఫియర్ ఫ్రీ' అనే శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించాడు. పిల్లులలో ప్రయాణం, వైద్యపరీక్షల వలన కలిగే భయానికి ప్రీగాబలిన్ ద్రవరూప ఔషధాన్ని 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.

పద్ధతులు
* పిల్లిని తీసుకొనివెళ్ళే బుట్టను ఎల్లప్పుడూ ఇంటిలో తెరచి ఉంచి, అందులో మెత్తని గుడ్డ పరచాలి. ప్రయాణంలో బుట్టపై తువాలు కప్పాలి.
* పాదాలు, చెవులు, నోరు తాకించుకొనడం చిన్ననాటి నుండి అలవాటు చేయాలి.
* ఇష్టమైన తినుబండారాలు కొద్దికొద్దిగా పెట్టాలి. మత్తుమందు ఇవ్వవలసి ఉన్నచో ముందుగా వైద్యుని అడగాలి.
* జారే బల్లపై రబ్బరు చాప పరచాలి. పిల్లిని మెడచర్మం పట్టి ఎత్తరాదు.
* భయం ఎక్కువైతే, అత్యవసరం కాని పరీక్షను వాయిదా వేయవచ్చు.
* భయం తగ్గించే మందులను వైద్యుని సలహాపై మాత్రమే వాడాలి. మనుషుల మందులు ఇవ్వడం ప్రమాదకరం.

తెలుగునాట
1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక బాలునికి రేబీస్ టీకా ఇచ్చిన సందర్భానికి గుర్తుగా ఏటా ఆ రోజున ప్రపంచ జూనోసిస్ దినం జరుపుతారు. ఆనాడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తారు. ఇటువంటి రద్దీ సమయాలలో కుక్కను వరుసలో నిలపక, కొంత దూరంగా నీడలో ఉంచి, వంతు వచ్చినపుడే లోనికి తీసుకొనివెళ్ళడం మంచిది.