కొల్లేటి గట్టున బోర్డు పాతాలంటే...

కైకలూరు: ఏలూరు - కైకలూరు రహదారిపై కొల్లేరు దాటే ప్రతి ప్రయాణికుని చూపూ ఒక్క క్షణం నీటి వైపు మళ్లుతుంది. వ్యాపార ప్రకటనల వారికి కావలసిందీ ఆ చూపే. చేపల మేత, రొయ్య పిల్లలు, బంగారు నగలు, ఇళ్ల స్థలాలు... సరుకు ఏదైనా రోడ్డు పక్కన నాలుగు సెంట్ల జాగా ఉంటే చాలు, ఇనుప చట్రం నిలబెట్టవచ్చు. స్థలం గల రైతుకు ఏడాదికి ఇంత అని అద్దె ముడుతుంది. పంచాయతీకి రుసుము చెల్లించి రసీదు పుచ్చుకుంటే అంతా సక్రమమేనని ఏజెన్సీ వారూ, రైతులూ భావించడం పరిపాటి. చిక్కు అక్కడే మొదలవుతోంది. కొల్లేరులో బోర్డు చెల్లుబాటును తేల్చేది పంచాయతీ రసీదు కాదు, అది నిలిచిన నేల ఏ కాంటూరు పరిధిలో ఉందన్నదే.

కంటికి కనిపించని గీత

కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 1999 అక్టోబరు 4న జీవో 120 జారీ చేసింది. సముద్ర మట్టానికి ప్లస్ 5 అడుగుల కాంటూరు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం దీని పరిధిలోకి వచ్చింది. ఈ గీత వేసవిలో ఎండిన చేలలో కంటికి ఆనదు. జిరాయితీ పట్టా భూములు సైతం దీని లోపల ఉన్నాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన నాటి నుంచి ఈ గీత ఎంత ఖరీదైనదో లంక గ్రామాల వారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా బోర్డు విషయానికి వచ్చేసరికి 'ఇది చెరువు కాదుగా, రెండు స్తంభాలేగా' అన్న ధీమా కనిపిస్తుంది.

చట్టం అలా చూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 20 ప్రకారం, అభయారణ్యం ఏర్పాటుకు తొలి ప్రకటన వెలువడిన తరువాత వారసత్వం, వీలునామాల ద్వారా తప్ప ఆ భూమిపై ఎవరికీ కొత్తగా హక్కు సంక్రమించదు. ప్రకటన బోర్డుకు స్థలం లీజుకివ్వడమంటే కొత్త హక్కు కల్పించడమే అవుతుంది. స్టాంపు కాగితంపై సాక్షి సంతకాలతో రాసుకున్నా ఆ ఒప్పందం నిలబడటం కష్టం. పట్టా ఉన్నంత మాత్రాన అద్దెకిచ్చే స్వేచ్ఛ ఉన్నట్లు కాదన్న ఈ సంగతి చాలామంది రైతులకు తెలియదు. తెలిసిన ఏజెన్సీలు చెప్పవు.

ఇక సెక్షన్ 29 ఉంది. వన్యప్రాణుల ఆవాసానికి ఏ చర్య ద్వారానైనా నష్టం కలిగించడాన్ని అది నిషేధిస్తోంది. గుంత తవ్వి కాంక్రీటు పోయడం, పక్షులు విడిది చేసే చోట రాత్రంతా ఫ్లడ్ లైట్లు వెలిగించడం దీని కిందకు రావచ్చు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వాలన్నా, ఆ పని వన్యప్రాణుల మేలుకు, మెరుగైన నిర్వహణకు అవసరమని ప్రభుత్వం సంతృప్తి చెందాలి. బంగారు దుకాణం ప్రకటనతో ఆటపాక పెలికాన్లకు ఒనగూరే మేలేమిటో వివరించడం ఎవరి తరమూ కాదు. ఉల్లంఘనకు సెక్షన్ 51 కింద మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. జరిమానా గరిష్ఠ పరిమితి గతంలో రూ.25 వేలు ఉండగా 2022 సవరణతో రూ.లక్షకు పెరిగింది.

హద్దు రాళ్లపై పోస్టర్లు

అభయారణ్యం హద్దు గుర్తులను చెడగొట్టాలన్న ఉద్దేశంతో మార్చినా, కదిపినా, రూపు చెరిపినా సెక్షన్ 27 ప్రకారం నేరమే. సినిమా పోస్టర్లు అంటించేవారు దీనిని గమనించాలి. అదే సెక్షన్ అభయారణ్యంలో చెత్త వేయడాన్నీ నిషేధించింది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు, నాయకుల పుట్టినరోజులకు కట్టే ఫ్లెక్సీలు చిరిగి నీటిలో పడితే చెత్తే. పైగా 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.

గీత దాటితే

ఐదో కాంటూరు బయట ఉన్నంత మాత్రాన పూర్తి స్వేచ్ఛ లేదు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, అంటే అభయారణ్యానికి దాదాపు మూడు రెట్లు. అభయారణ్యం వెలుపలి రామ్‌సర్ ప్రాంతానికి 2017 చిత్తడి నేలల నిబంధనలు వర్తిస్తాయి. పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు, పడవల రేవులు మినహా శాశ్వత కట్టడాలు కూడవు. పామర్రు - దిగమర్రు 165వ జాతీయ రహదారి స్థలంలో అనుమతి లేకుండా బోర్డు పాతితే 2002 నాటి జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం కింద తొలగిస్తారు. బహిరంగ ప్రదేశాలను అనుమతి లేని ప్రకటనలతో వికృతపరచడంపై 1997 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది.

అభయారణ్యాల చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ ప్రకటించిన చోట్ల వ్యాపార బోర్డులు, హోర్డింగులను కేంద్రం 2011 ఫిబ్రవరి మార్గదర్శకాల్లోనే నియంత్రిత కార్యకలాపాల జాబితాలో చేర్చింది. అంటే జోన్‌లో అనుమతితో సాధ్యమే, అభయారణ్యం లోపల మాత్రం కాదు. ఈ తేడా తెలియక రెండింటినీ కలగలిపి మాట్లాడటం కార్యాలయాల్లోనూ వినిపిస్తుంది.

పంచాయతీ పాత్ర ఎంత?

ప్రకటనలపై పన్ను వేసే అధికారం రాష్ట్రాల జాబితాలో ఉండేది. 2016లో 101వ రాజ్యాంగ సవరణతో అది తొలగిపోయింది. స్థానిక సంస్థలు ఇప్పుడు వసూలు చేసేది అనుమతి రుసుము వంటిది మాత్రమే. అటవీ చట్టం నిషేధించిన చోట ఆ రసీదు రక్షణ కాబోదు.

బోర్డుకు స్థలం అడిగిన వారికి మాట ఇచ్చే ముందు రైతులు సర్వే నంబరుతో తహసీల్దారు, అటవీ రేంజ్ కార్యాలయాలకు దరఖాస్తు చేసి, కాంటూరు లోపలా వెలుపలా అన్నది లిఖితపూర్వకంగా తీసుకోవాలి. నోటి మాట చెల్లదు. సమాధానం రాకుంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. కాంటూరు వెలుపలే అని తేలినా, అధికారులు బోర్డు తొలగిస్తే ఖర్చు, జరిమానా ఏజెన్సీయే భరించాలన్న షరతు ఒప్పందంలో రాయించుకున్న తరువాతే అడ్వాన్సు పుచ్చుకోవడం మంచిది.