మూతినుండి మందు దట్టించు తుపాకి: పూర్వోత్తరములు

గొట్టపు మూతిలో మందు పోసి, పీచు కూరి, గుండు వేసి, కడ్డీతో దట్టించి ప్రేల్చు నాటు తుపాకి మన పల్లెల పెద్దలకు క్రొత్త వస్తువు కాదు. పంట కాచుటకు అడవిపందుల పైకి దీనిని మ్రోగించుట అనేకులు చూచియుందురు. ఇట్టి తుపాకికి కాలము చెల్లినదని మనము తలచుట సహజము. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేటికిని ఏటేట క్రొత్తగా దీనిని తయారుచేయుచున్నారు. సామాన్య గృహస్థులు దీనిని కొని జింకల వేటకు పోవుచున్నారు. చచ్చినదనుకొన్న ఆయుధము మరల ఎట్లు బ్రతికెను? స్వల్ప ధనము గలవాడు దానినెట్లు ఎంచుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చరిత్రలోనే కలదు.

పూర్వకాలపు చెకుముకి తుపాకిలో గొట్టము ప్రక్కన చిన్న దొన్నె యుండెడిది. అందు రంజకము పోయుదురు. రాయి ఉక్కును తాకగా నిప్పురవ్వలు రాలి రంజకము మండును. ఆ మంట సన్నని బెజ్జము గుండ లోనికి పోయి మందునంటుకొనును. ఇందు రెండు లోపములు కలవు. వాన చినుకు పడినచో రంజకము నానిపోవును. పడకున్నను, దొన్నెలో భగ్గుమను వెలుగును చూచి పక్షులు గుండు తాకకమున్నే ఎగిరిపోవును. స్కాట్లండు దేశమున అలెగ్జాండరు ఫోర్సైతు అను మతాచార్యుడు వేటయందు ప్రీతి గలవాడు. ఆయన ఈ బాధ పడలేక, దెబ్బకే ప్రేలు రసాయనముతో నిప్పు పుట్టించు ఉపాయమును కనిపెట్టి 1807లో హక్కుపత్రము పొందెను. తరువాత పదిపదునైదేండ్లలో ఆ రసాయనమును చిన్న లోహపు టోపీలో పెట్టుట వాడుకకు వచ్చెను. మన టోపీ తుపాకి దాని సంతతియే. పిమ్మట వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు వచ్చెను. 1884లో ఫ్రాన్సు దేశమున పొగలేని మందు పుట్టెను. అంతటితో మూతి తుపాకి అటక యెక్కెను.

దానిని అటకనుండి దింపినది జింకయే యని చెప్పవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికనులు మాంసమునకును, చర్మమునకును విచ్చలవిడిగా వేటాడిరి. 1900 నాటికి ఆ దేశపు తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి మిగులలేదని అంచనా. ఆ సంవత్సరమే లేసీ చట్టము వచ్చి, అక్రమముగా చంపిన మృగముల మాంసమును రాష్ట్రములు దాటించి అమ్ముటను నిషేధించెను. 1937లో మరియొక శాసనము తుపాకులపైని, తూటాలపైని వసూలగు పన్నును వన్యమృగ రక్షణకు కేటాయించెను. ప్రభుత్వములు వేటకు దినములు నిర్ణయించి, లెక్క కట్టి అనుమతి చీట్లు ఇచ్చెను. నేడు ఆ జింకలు సుమారు మూడు కోట్లని చెప్పుదురు. జింకలు పెరిగిన కొలది వేటగాండ్రును పెరిగిరి. ఒక్క దెబ్బకే పరిమితమై, దూరము పోలేని మూతి తుపాకి పట్టువారికి పెక్కు రాష్ట్రములు వేరు దినములు ఇచ్చెను. పెన్సిల్వేనియా 1974లో చెకుముకి తుపాకికే ప్రత్యేకముగా వేటకాలమును ఏర్పరచెను.

1985లో మిస్సోరీ రాష్ట్రపు టోనీ నైటు అనువాడు ఎమ్.కె.-85 అను తుపాకిని వెలువరించెను. పాత టోపీ తుపాకిలో నిప్పు ప్రక్కనుండి వంకరదారిని లోనికి పోవలెను. ఇందు టోపీ సరిగా మందు వెనుకనే, గొట్టముతో ఒకే వరుసలో నుండును. గనుక నిప్పు తిన్నగా పోవును. వెనుక బిరడాను మరత్రిప్పి తీసి గొట్టమును ఈ చివరనుండి ఆ చివరకు కడుగవచ్చును. ఈ యూహ అంతకుముందు లేనిది కాదు; కాని సామాన్యునికి దానిని అందించినవాడు నైటు.

పాతపద్ధతి వారికి ఇది కంటగింపయ్యెను. తుపాకి తక్కువది గనుకనే వేరు దినములిచ్చిరి గదా, ఇప్పుడు తుపాకి ఎక్కువదైనచో ఆ దినములెందులకని వారి వాదము. అది త్రోసివేయదగినది కాదు. పెన్సిల్వేనియాలో క్రిస్మసు తరువాతి వేటకు నేటికిని చెకుముకియే కావలెను. కొలరాడోలో మూతి తుపాకి వేటకాలమున దూరదర్శినిని బిగించుట నిషిద్ధము. కావున కొనువాడు మొదట తన రాష్ట్రపు శాసనమును చదువవలెను.

ఇక ఎన్నిక. ఈ తుపాకులు రెండు మూడు వందల డాలర్లకు దొరకునవి కలవు, వేయి దాటినవియు కలవు. పొదలలో యాబది, డెబ్బది గజముల లోపుననే జింకను కొట్టువానికి ఖరీదైనది అనవసరము. అర అంగుళపు గొట్టమైనచో గుండ్లు ఏ యంగడిలోనైనను లభించును. బిరడా సులభముగా ఊడివచ్చునది మేలు. నల్లమందు మసి తేమను పీల్చి గొట్టమును తినివేయును. తుప్పుపట్టని ఉక్కునకు వెల హెచ్చు. మామూలు ఉక్కైనను ఆనాడే వేడినీట కడిగి నూనె రాచినచో చిరకాలముండును. నూరు గ్రెయినులు, అనగా ఆరున్నర గ్రాముల మందు ఇంత దగ్గర వేటకు చాలును. మిగిలిన సొమ్మును గురిసాధనకు వెచ్చించుట వివేకము. గురి తప్పిన గుండు జింకను చంపక కుంటిదానిని చేయును.

పాత తుపాకి కొనునప్పుడు కడ్డీని లోనికి జార్చి చూడవలెను. అడుగు తాకక ముందే ఆగినచో మందు లోపలనే యున్నదని అనుమానింపవలెను. గుండు మందును ఆనుకొనునట్లు దిగకున్నను, నల్లమందు తుపాకిలో పొగలేని మందు పోసినను గొట్టము పగిలి చేయి పోవును, ప్రాణమును పోవచ్చును.

ఈ కథలో మనకును పాలు కలదు. నల్లమందులో నాలుగింట మూడు పాళ్లు పెట్లుప్పే. పదునేడు, పదునెనిమిది శతాబ్దములలో యూరపు యుద్ధములకు పాట్నా ప్రాంతపు పెట్లుప్పు ఓడల కొలది పోయెను. అయితే మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింక వేటను నిషేధించినది. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తుపాకికి అనుమతి పత్రము ఉండితీరవలెను. తాతలనాటి తుపాకి యింటిలో నున్నవారు పత్రము సరిచూచుకొని, లోన మందు లేదని నిశ్చయించుకొని, పిల్లలకు అందకుండ భద్రపరుపవలెను. అమెరికాలో జింక మరల వృద్ధి పొందినది తుపాకి మంచిదగుటచేత కాదు. తుపాకి పట్టినవాడు దినమునకును, లెక్కకును, దూరమునకును హద్దు ఒప్పుకొనుటచేతనే. మన అడవుల విషయమున ఆ హద్దు మరింత దగ్గరగా నున్నది. దానిని కాపాడు భారము గ్రామ పెద్దలదే.