విద్యుత్ చాపం నుంచి నానోకణాలు: పక్కన పెట్టిన మసి కథ

ఉపోద్ఘాతం

వాయువు గుండా బలమైన విద్యుత్తు ప్రవహించినప్పుడు దాని పరమాణువులు అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి ప్లాస్మా ఏర్పడుతుందని మీకు తెలుసు. ఈ ఉత్సర్గం వేడికి ఘనపదార్థం ఆవిరవుతుంది. ఆ ఆవిరిని వెంటనే చల్లబరిస్తే పరమాణువులు పదులు, వందల సంఖ్యలో కూడి గుచ్ఛాలుగా, అంటే క్లస్టర్లుగా, ఇంకా పెరిగితే నానోకణాలుగా మారతాయి. ఈ పద్ధతికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

తొలి ప్రయత్నాలు

1898లో జర్మనీలో గెయార్గ్ బ్రెడిగ్ నీటిలో ముంచిన లోహపు తీగల మధ్య విద్యుత్ చాపాన్ని, అంటే ఆర్క్‌ను వెలిగించారు. తీగ కొనల నుంచి ఆవిరైన లోహం నీటిలో చల్లబడి, కంటికి కనిపించని రేణువులుగా నిలిచిపోయింది. తరువాత స్వీడన్‌లో థియొడోర్ స్వెడ్‌బర్గ్ డోలన ఉత్సర్గంతో ఈ పద్ధతిని మెరుగుపరచి అనేక లోహాల కొల్లాయిడ్ ద్రావణాలను తయారుచేశారు. కొల్లాయిడ్ వ్యవస్థలపై కృషికి ఆయనకు 1926లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి ‘నానో’ అన్న మాట ఈ రంగంలో లేదు. జరిగిన పని మాత్రం అదే.

మసిలో దాగిన అణువు

1980ల తొలినాళ్లలో హైడెల్‌బర్గ్‌లో వోల్ఫ్‌గాంగ్ క్రాచ్‌మర్, అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ హఫ్‌మన్ నక్షత్రాల మధ్య ఉండే ధూళిని పోలిన కార్బన్ రేణువుల కోసం ప్రయత్నించారు. హీలియం నింపిన పాత్రలో గ్రాఫైట్ కడ్డీల గుండా విద్యుత్తు పంపి, ఆవిరైన కార్బన్‌ను మసిగా సేకరించారు. హీలియం పీడనం పెంచినప్పుడు ఆ మసి అతినీలలోహిత వర్ణపటంలో రెండు మూపురాలు కనిపించాయి. దానికి ‘ఒంటె’ అని పేరు పెట్టి, ఏదో మాలిన్యం కావచ్చని పక్కన పెట్టారు.

1985లో రైస్ విశ్వవిద్యాలయంలో క్రోటో, కర్ల్, స్మాలీ బృందం లేజర్‌తో గ్రాఫైట్‌ను ఆవిరి చేసి, 60 కార్బన్ పరమాణువుల గుచ్ఛం ప్రత్యేకంగా స్థిరమైనదని గుర్తించింది. అది ఫుట్‌బాల్ ఆకారపు పంజరమని ప్రతిపాదించింది. అయితే చేతిలోకి తీసుకుని పరీక్షించేంత పదార్థం వారి వద్ద లేదు.

అప్పుడు పాత మసి మళ్లీ బయటికి వచ్చింది. అటువంటి పంజరానికి పరారుణ వర్ణపటంలో నాలుగు పట్టీలే ఉండాలని సిద్ధాంతం చెబుతుంది. మసిలో ఆ నాలుగూ కనిపించాయి. 1990లో మసిని బెంజీన్‌లో కలిపితే ఎర్రని ద్రావణం, దాని నుంచి స్ఫటికాలు లభించాయి. అదే సంవత్సరం స్మాలీ బృందం కడ్డీల మధ్య ఆర్క్ వెలిగించి దిగుబడిని పెంచింది. 1991లో జపాన్‌లో సుమియో ఇజిమా ఆర్క్ పరికరపు ఋణధ్రువంపై పేరుకున్న పదార్థంలో కార్బన్ నానోగొట్టాలను గమనించారు.

హీలియం పాత్ర

మన ఇళ్లలో దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడ మంటకు గాలిలోని ఆక్సిజన్ కావాలి. ఇక్కడ ఆక్సిజన్ ఉంటే కార్బన్ ఆవిరి దానితో కలిసి వాయువుగా పోతుంది. జడవాయువైన హీలియం కార్బన్‌తో చర్య జరపదు. ఢీకొంటూ వేడిని మాత్రం తీసుకుంటుంది. పీడనం మరీ తక్కువైతే పరమాణువులు పంజరంగా అల్లుకోకముందే చెదిరిపోతాయి.

ముగింపు

1996 నోబెల్ బహుమతి క్రోటో, కర్ల్, స్మాలీలకు దక్కింది. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు కనుక క్రాచ్‌మర్, హఫ్‌మన్ పేర్లు అందులో లేవు. కానీ వారి మసి లేకపోతే ఆ అణువు చాలాకాలం ఊహగానే మిగిలేది. మీ ప్రయోగశాల పుస్తకంలో అర్థంకాని ఫలితం వస్తే కొట్టివేయకండి. తేదీ వేసి, పీడనం, విద్యుత్ ప్రవాహం వంటి పరిస్థితులతో సహా రాసి ఉంచండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1985 నాటి ప్రతిపాదనకు 1990 నాటి మసి ఏ విధంగా రుజువునిచ్చింది?