కల్లం పోయింది, కాలు ఆగింది

పెద్ద వయసులో పడిపోతామన్న భయం ఈనాటిది కాదు. చేతికర్ర పుట్టినప్పుడే అదీ పుట్టింది. కొత్తగా వచ్చిందల్లా ఆ భయానికి ఇంట్లోవాళ్లు చెప్పే మందు. ఒక్కసారి కాలు జారితే చాలు, "ఇంక ఎటూ పోకు, కృష్ణా రామా అనుకుంటూ ఓ మూలకు కూర్చో" అంటారు. ప్రేమతోనే అంటారు. ముసలితనంలో తిరగడానికి గుండె ధైర్యం కావాలని, అది లేనివాళ్లు కూర్చోవడమే మేలని మన లెక్క. కానీ నిజామాబాద్ జిల్లాలో ఎడపల్లి నుంచి బోధన్ దాకా పరుచుకున్న చెరుకు పల్లెల వందేళ్ల గతం మరో సంగతి చెబుతుంది. ఇక్కడ పెద్దవాళ్లను నడిపించింది పని. ఆ పని ఒక్కొక్కటే చేజారిన కొద్దీ భయానికి ఇంట్లో పీట దొరికింది.

మంజీర నది మీద ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్లతో వరి, చెరుకు పెరిగాయి. 1937లో బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. నీటి సాగులో బరువు పని వయసులో ఉన్నవాళ్లది. దాని చుట్టూ ఉండే చిల్లర పనులు పెద్దవాళ్లవి: మడికి నీళ్లు మళ్లించడం, పిట్టలను తోలడం, పశువులను మేపుకురావడం, కల్లం ఊడ్చి గింజ ఎత్తడం. పొలం గట్టు జానెడు వెడల్పు, ఒక పక్క నీళ్లు, ఒక పక్క బురద. దాని మీద వెళ్లాలంటే పాదం ముందు పాదం వేయాలి, కర్రతో ముందు తాకి చూసి ఆ తర్వాతే బరువు మోపాలి. ఇవాళ ఫిజియోథెరపిస్టు నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు తగిలేలా నడవమనేది ఇదే నడక. ఎడపల్లి మండలంలోని జానకంపేటలో నరసింహస్వామి గుడికి అష్టముఖి కోనేరు ఉంది. అలాంటి కోనేటి మెట్లు దిగే ముసలమ్మ కాస్త పక్కకు తిరుగుతుంది, మనవరాలి భుజం పట్టుకుంటుంది, రెండు పాదాలూ ఒకే మెట్టు మీదికి వచ్చాకే తర్వాతి మెట్టుకు దిగుతుంది. ఆమెకూ భయం ఉంది. దాన్ని కూడా వెంటబెట్టుకుని నీళ్ల దాకా వెళుతుంది.

ఈ ఏర్పాటు ఎవరో కూలదోస్తే పోయింది కాదు, సౌకర్యాలు వచ్చి పోయింది. వరికోత మిషన్ వచ్చింది, కల్లం పోయింది. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చింది, పశువులు తగ్గాయి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గింది, దాని చుట్టూ అల్లుకున్న పనులూ తగ్గాయి. ఈ జిల్లాలో ఆడవాళ్లకు అన్నం పెట్టిన బీడీల పని ఏళ్ల తరబడి ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునే పని. అది చేతివేళ్లకు చురుకునిచ్చింది కానీ, కాళ్లకు బలమివ్వలేదు. మట్టి నేల మీద పాదానికి పట్టు దొరికేది, తడిసిన నున్నటి టైల్స్ మీద దొరకదు. బయట పని లేదు, లోపల నేల జారుతుంది. భయం పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వైద్యులు ఈ భయాన్ని ఒక సమస్యగా గుర్తించింది గత కొన్ని దశాబ్దాల్లోనే. పడిన తర్వాత గోడలూ కుర్చీలూ పట్టుకోకుండా నడవలేకపోతున్న వృద్ధుల గురించి 1982లో ఇంగ్లండులో మర్ఫీ, ఐజాక్స్ 36 మందిని పరిశీలించి రాశారు. 1990లో అమెరికాలో మేరీ టినెట్టి బృందం పది రోజువారీ పనులను తీసుకుని, పడకుండా ఇది చేయగలనన్న నమ్మకం ఎంత ఉందో కొలిచే పద్ధతి తయారుచేసింది. స్నానం చేయడం, బీరువాలోంచి వస్తువు అందుకోవడం వంటివే ఆ పనులు. కొలవాల్సింది పనిలో కనిపించే నమ్మకాన్నే అన్నది దీని సారం. న్యూజిలాండులోని ఒటాగోలో రూపొందిన ఇంటి వ్యాయామాలు కాళ్ల బలం, నిలకడ, నడక మీద ఆధారపడ్డాయి. వాటితో పడిపోవడాలు దాదాపు 35 శాతం తగ్గాయని పరీక్షల్లో తేలింది. భయపడ్డ మనిషి కదలడు, కదలని కాలు నీరసిస్తుంది, నీరసించిన కాలే నిజంగా జారుతుంది. ఈ చక్రాన్ని తెంపేది చిన్న చిన్న అడుగులే.

పాత రోజులను పొగుడుతున్నారని ఎవరైనా అనవచ్చు. 1951 నాటికి మన దేశంలో సగటు ఆయుష్షు దాదాపు 32 ఏళ్లే, ముసలితనం దాకా వచ్చినవాళ్లే తక్కువ, పడి తుంటి విరిగినవాళ్లు మంచంలోనే పోయారు, వాళ్ల కథ మనదాకా రాలేదు. నిజమే. 2011 జనగణన నాటికి అరవై దాటినవాళ్లు దేశంలో పది కోట్లకు పైనే ఉన్నారు, గట్టు మీద నడక వాళ్లందరికీ దారి కాదు. భయం పిచ్చిదీ కాదు: ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయితే ఈ అభ్యంతరం కూర్చోబెట్టడాన్ని సమర్థించదు. పాత కాలపు కష్టాన్ని తిరిగి తెమ్మని కాదు, అందులోని మేలును వేరుచేసి తీసుకోమని. కళ్లు తిరిగినా, చూపు మసకబారినా, మందుల వల్ల తూలినా ముందు డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాతది ఇంటి పని: స్నానాల గదిలో గరుకు నేల, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రి దారిలో దీపం, చేతికి అందే కర్ర.

అన్నిటికన్నా ముఖ్యం, బయటికి వెళ్లడానికి ఒక కారణం. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛను నెలకోసారైనా కొందరిని పోస్టాఫీసు దాకా నడిపించింది. డబ్బు ఎంత అవసరమో, ఆ నడకా అంతే అవసరం. మనవడిని బడి దగ్గర దింపిరావడం, కూరగాయలు తేవడం, గుడి మెట్టు ఎక్కడం కూడా అలాంటివే. ఇంట్లో పెద్దమనిషిని కూర్చోమనే ముందు, లేవడానికి ఆయనకు ఏ పని మిగిల్చామో ఒకసారి చూసుకోండి.