డూమ్ ఆటలో భయం: ఒక వీడియో గేమును చారిత్రక ఆధారంగా చదవడం

1993 డిసెంబర్ 9న అమెరికా సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ వీడియో గేముల్లోని హింసపై విచారణ జరిపారు. వారి ముందున్న ప్రధాన ఉదాహరణలు మోర్టల్ కాంబాట్, నైట్ ట్రాప్. సరిగ్గా మరుసటి రోజు, టెక్సాస్‌లోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ తన కొత్త ఆట ‘డూమ్’ మొదటి భాగాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ సర్వర్ ద్వారా ఉచితంగా విడుదల చేసింది. 1994లో జర్మనీ ఈ ఆటను పిల్లలకు అమ్మకూడని వాటి జాబితాలో చేర్చింది. 2011 వరకు అది ఆ జాబితాలోనే ఉంది. 1999లో కొలరాడోలోని కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిగిన తరువాత డూమ్ పేరు మళ్లీ పత్రికలకెక్కింది.

ఈ అధికారిక పత్రాలు, పత్రికా వార్తలు మాత్రమే చదివిన విద్యార్థికి డూమ్ అంటే రక్తపాతం అనే అభిప్రాయం ఏర్పడుతుంది. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. ఆటలో తుపాకీ పేలే క్షణాల కంటే పేలని క్షణాలే ఎక్కువ కలవరపెడతాయి. దీపాలు ఆరిపోయిన గది, గోడ అవతలి గురక, గెలిచాననుకున్న చోట ఎదురైన ఓటమి విచారణ పత్రాలకు ఎక్కవు. మరి ముప్పై ఏళ్ల కిందటి ఆటగాడి భయాన్ని చరిత్రకారుడు ఎక్కడ వెతకాలి? జ్ఞాపకాలు ఒక ఆధారమే గాని, కాలం గడిచేకొద్దీ వాటికి రంగులు అద్దుకుంటాయి. డూమ్ విషయంలో మనకు మరొక ప్రాథమిక ఆధారం ఉంది. 1997 డిసెంబర్‌లో ఆ సంస్థ ఆట ప్రోగ్రామును బహిరంగపరిచింది. ఆట పటాలను కూడా ఎవరైనా తెరిచి పరిశీలించవచ్చు. భయం ఏ గదిలో, ఏ గీత దాటితే మొదలవుతుందో వాటిలో రాసి ఉంది.

ఈ పాఠం అర్థం కావడానికి మీరు డూమ్ ఆడి ఉండనవసరం లేదు. ఇది ‘ఫస్ట్ పర్సన్ షూటర్’ వర్గానికి చెందినది. కథల్లో ఉత్తమ పురుష కథనం ఉన్నట్లే, ఈ ఆటలో పాత్ర బయటినుంచి కనబడదు. ఆ పాత్ర కళ్లతోనే మనం చూస్తాం. కాబట్టి వీపు వెనుక ఏముందో తెలియదు. అంగారక గ్రహపు ఉపగ్రహం ఫోబోస్ మీది స్థావరంలో ఒంటరిగా మిగిలిన సైనికుడు, నరకం నుంచి వచ్చిన రాక్షసులను ఎదుర్కోవడం మొదటి భాగం కథ. కథ ఇంతకు మించి పెద్దగా లేదు.

వెలుతురు, గోడ

ఇదే సంస్థ 1992లో చేసిన ‘వుల్ఫెన్‌స్టీన్ 3డీ’లో గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ లంబకోణాలు, వెలుతురు అంతటా ఒకటే. డూమ్‌లో పటం చిన్న చిన్న ప్రాంతాలుగా విభజింపబడింది. ఒక్కొక్క ప్రాంతానికి నేల ఎత్తు, పైకప్పు ఎత్తు, వెలుతురు అంకె విడివిడిగా ఉంటాయి. వెలుతురు 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. దీపం రెపరెపలాడాలంటే, ఆగి ఆగి వెలగాలంటే వాటికి వేరే సంఖ్యలు. అంటే చీకటి ఇక్కడ బొమ్మలో భాగం కాదు, రూపకర్త చేతిలోని పనిముట్టు.

మూడవ పటం ‘టాక్సిన్ రిఫైనరీ’ దీనికి మంచి ఉదాహరణ. తలుపు తెరవడానికి అవసరమైన నీలం కార్డు ఒక గదిలో కళ్లెదుటే ఉంటుంది. దాన్ని తీసుకోగానే వెలుతురు పడిపోతుంది, గోడలో ఒక భాగం తెరుచుకుంటుంది, లోపల దాగిన రాక్షసులు బయటికి వస్తారు. కార్డే ఉచ్చును పేల్చిందని ఆటగాడు అనుకుంటాడు. ప్రోగ్రాము చూస్తే అలా లేదు. కార్డుకూ దీపాలకూ సంబంధమే లేదు. అక్కడ నేలమీద కంటికి కనబడని గీత ఒకటుంది, దాన్ని దాటడమే తప్పు. ఈ చిన్న మోసం ఫలితం పెద్దది. అంతవరకు గోడ అంటే వీపు ఆనించుకునే అండ. ఇకమీదట ఏ గోడనూ నమ్మలేడు. దారిలో దొరికిన ప్రతి కానుకనూ అనుమానంగా చూస్తాడు. నా దృష్టిలో డూమ్ రూపకర్తల అసలు ప్రతిభ రాక్షసుల బొమ్మల్లో కంటే ఈ నమ్మకద్రోహంలో ఉంది.

చెవి

ఆటగాడు ఆయుధం వాడితే ఆ చప్పుడు ఒక ప్రాంతం నుంచి పక్క ప్రాంతానికి పాకుతుంది. మూసిన తలుపు దాన్ని ఆపుతుంది. చప్పుడు చేరిన చోట నిద్రాణంగా ఉన్న రాక్షసులు మేల్కొని వెతుక్కుంటూ బయలుదేరుతారు. ఉత్త పిడికిలి విసిరినా ప్రోగ్రాము దాన్ని చప్పుడుగానే లెక్కిస్తుంది! కొన్ని రాక్షసులకు మాత్రం ‘చెవుడు’ అనే గుర్తు పెట్టారు. అవి చప్పుడుకు కదలవు, మనిషి కంటబడేదాకా పొంచి ఉంటాయి. ఎన్ని కాల్పులు జరిపినా నిశ్శబ్దంగా ఉన్న గది ఖాళీ గదే అనుకోవడానికి వీలు లేకుండా చేసింది ఈ గుర్తే.

మేల్కొన్న రాక్షసులు తిరుగుతూ మధ్యమధ్య గురక, మూలుగు వినిపిస్తాయి. ‘స్పెక్టర్’ అనే ప్రాణి దీన్ని మరింత బాగా వాడుకుంటుంది. ఇది గులాబీ రంగు ‘డీమన్’కు నకలే. బలం, వేగం, అరుపు అన్నీ ఒకటే. ఒక్క గుర్తు మార్చి, దాని ఆకారాన్ని వెనుకనున్న దృశ్యపు చుక్కలనే చెదరగొట్టి, మసకబార్చి గీశారు. వెలుతురులో అది వణికే నీడలా తెలుస్తుంది, చీకట్లో దాదాపు తెలియదు. కొత్త బొమ్మ గీయకుండానే కొత్త భయం పుట్టింది.

గెలుపు అనే ఉచ్చు

మొదటి భాగం చివరి పటం ‘ఫోబోస్ అనామలీ’ని కొంచెం ఓపికగా చూడాలి. ఇక్కడ ‘బారన్’ అనే రెండు పెద్ద రాక్షసులను చంపితే చుట్టూ గోడలు దిగిపోతాయి, ముందుకు దారి కనబడుతుంది. దారి చివర మనిషిని మరోచోటికి చేర్చే వేదిక. అడుగుపెడితే చీకటి గది, రాక్షసులు, క్షణక్షణం గాయపరిచే నేల. తప్పించుకునే మార్గం లేదు. ఆరోగ్యం 10కి దిగగానే ఆట ముగుస్తుంది.

ఆటలో గాయపడకుండా ఉండేందుకు ఒక రహస్య సంకేతం ఉందని ఆనాటి ఆటగాళ్లకు బాగా తెలుసు. ఈ గది నేల కోసం రాసిన ప్రోగ్రాము ఆ సంకేతాన్ని కూడా రద్దు చేస్తుంది. దొంగదారి పట్టినవాడికీ మినహాయింపు లేదు. అంటే ఈ ఓటమి ప్రమాదం కాదు, శాసనం. ఆ తరువాత తెరమీద వచ్చే వాక్యాలు, గెలిచినవాడికి దక్కాల్సిన బహుమానం ఏదని వెటకారంగా అడుగుతాయి.

ఇంత క్రూరమైన ముగింపు ఎందుకు? సమాధానం వ్యాపార పద్ధతిలో దొరుకుతుంది. మొదటి భాగం ఉచితం, తరువాతి రెండు భాగాలకు డబ్బు కట్టాలి. దీన్నే షేర్‌వేర్ అనేవారు. సుఖాంతం చూసినవాడు కంప్యూటర్ కట్టేసి పడుకుంటాడు. చీకటి గదిలో చిక్కినవాడు మిగతా కథ కొంటాడు. మన వారపత్రికల సీరియల్ రచయితలకు తెలియని రహస్యమేమీ కాదిది. ఆటలోని భయాన్ని అధ్యయనం చేసేటప్పుడు దాని వెనుకనున్న అమ్మకాల లెక్కను కూడా మీరు గమనించాలి.

కొన్నవారికి రెండవ భాగంలో ‘టవర్ ఆఫ్ బేబెల్’ ఎదురవుతుంది. పటానికీ పటానికీ మధ్య చూపే చిత్రంలో ఒక గోపురం కొద్దికొద్దిగా లేస్తూ ఉంటుంది. ఎవరూ దాని గురించి ఒక్క ముక్క చెప్పరు. ఎనిమిదవ పటంలో మనం దాని దగ్గరే నిలబడతాం. మొదటి భాగంలో ముప్పుతిప్పలు పెట్టిన బారన్‌ల శవాలు అక్కడి గోడలకు వేలాడుతుంటాయి. వాటినే అలా చేసినది ఎవరు? జవాబు ముందు చెవికే అందుతుంది. మామూలు రాక్షసి అరుపు దూరాన్ని బట్టి తగ్గుతుంది. ‘సైబర్‌డీమన్’ మనల్ని చూసి వేసే కేక మాత్రం పటంలో ఎక్కడున్నా పూర్తి స్థాయిలో వినబడేలా రాశారు. ఆ తరువాత లోహపు కాలి అడుగులు. చిన్న రాక్షసి ‘ఇంప్’ బలం 60 అయితే దీని బలం 4,000. రెండవ, మూడవ భాగాల పటాల్లో చాలావాటిని చేసిన శాండీ పీటర్సన్, అంతకుముందు 1981లో ‘కాల్ ఆఫ్ కథుల్హు’ అనే భయానక కథాక్రీడను రూపొందించినవాడని గుర్తుంచుకోవాలి.

1998లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన ‘హాఫ్-లైఫ్’లో ‘బ్లాస్ట్ పిట్’ అనే అధ్యాయం ఉంది. అక్కడి రాకెట్ పరీక్షా కూపంలో ఉండే ప్రాణికి కళ్లు లేవు, చప్పుడును బట్టే పొడుస్తుంది. ఆటగాడు మెల్లగా నడవాలి, లేదా గ్రెనేడ్ దూరంగా విసిరి దాని దృష్టి మళ్లించాలి. డూమ్‌లో తెర వెనుక పనిచేసిన చెవి ఇక్కడ ఆటగాడికి తెలిసిన నియమంగా మారింది. 2004లో ఇడ్ సంస్థే ‘డూమ్ 3’ తెచ్చింది. అందులో టార్చిలైటు పట్టుకుంటే తుపాకీ పట్టలేరు, తుపాకీ పట్టుకుంటే ఎదుట ఏముందో కనబడదు. ఇది అన్యాయమని చాలామంది ఆటగాళ్లు విసుక్కున్నారు. 2012లో వచ్చిన కొత్త ప్రతిలో టార్చిలైటును సైనికుడి కవచానికే బిగించారు.